షూటర్ గేమ్ వెనక ఉన్న పాత కంప్యూటర్ గేమ్‌ని వెతికి పట్టుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

“ఫలానా షూటర్‌ని ఏదో పాత కంప్యూటర్ గేమ్ చూసి చేశారట, ఆ గేమ్ ఏదో కనుక్కోవడం ఎలా?” అని చాలామంది అడుగుతున్నారు. కొందరికి పేరు తెలుసు కానీ నమ్మకం లేదు. కొందరికి పేరే తెలియదు. ఇంకొందరు ఎక్కడో ఒక వీడియోలో విన్న మాట పట్టుకుని వాదనలకి దిగుతున్నారు. అందుకే పద్ధతి మొత్తం వరసగా రాస్తున్నాను.

ఉదాహరణగా ఒకే కేసు తీసుకుందాం. 1982లో విలియమ్స్ ఎలక్ట్రానిక్స్ విడుదల చేసిన ఆర్కేడ్ షూటర్ (నాణెం వేసి ఆడే యంత్రం మీది కాల్పుల ఆట) ‘రోబోట్రాన్: 2084’. చేసింది యూజీన్ జార్విస్, ల్యారీ డిమార్. దీని వెనక రెండు గేమ్‌లున్నాయి. ఒకటి 1980 నాటి ఆర్కేడ్ గేమ్ ‘బెర్జర్క్’, ఇది చాలామందికి తెలుసు. రెండోది కమడోర్ పెట్ అనే తొలితరం పర్సనల్ కంప్యూటర్ మీద ఆడిన ‘ఛేజ్’. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, పైగా అందులో తుపాకీయే లేదు. తుపాకీ లేని గేమ్ షూటర్‌కి మూలం ఎలా అయిందో తేల్చగలిగితే మిగతా కేసులు మీకు కష్టం కాదు. పోల్చి చూడటానికి అక్కడక్కడా ‘వుల్ఫెన్‌స్టైన్ 3డీ’ కూడా వస్తుంది.

1. ముందు ప్రశ్నని సరిగ్గా రాసుకోండి

“దీనికి స్ఫూర్తి ఏది?” అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే ఒక గేమ్ నుంచి ఇంకో గేమ్‌కి వెళ్లేది ఒకే రకమైన సరుకు కాదు. కనీసం మూడు రకాలుగా విడదీసుకోవాలి.

- పేరు, కథ, వాతావరణం
- ఆట నియమం (శత్రువు ఎలా కదులుతాడు, మీరు ఎలా గెలుస్తారు, ఎలా చస్తారు)
- సాంకేతికత, అంటే కోడ్, ఇంజన్ (తెర మీద బొమ్మ గీసి ఆటని నడిపే కోడ్)

వుల్ఫెన్‌స్టైన్ 3డీ (1992) చూడండి. పేరు, నాజీ కోట, తప్పించుకోవడం అన్నీ మ్యూజ్ సాఫ్ట్‌వేర్ తరఫున సైలస్ వార్నర్ ఆపిల్ 2 కోసం చేసిన ‘క్యాజిల్ వుల్ఫెన్‌స్టైన్’ (1981) నుంచి వచ్చాయి. కానీ ఇంజన్‌కి దానితో ఏ సంబంధమూ లేదు. అది ఈ గేమ్ చేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లే 1991లో చేసిన హోవర్‌ట్యాంక్ 3డీ, క్యాటకూంబ్ 3డీల మీదుగా వచ్చింది. ఈ రెండు దారుల్నీ ఒకే గాటన కట్టేసి “మూలం ఇదే”, “కాదు అదే” అని కొట్టుకునేవాళ్లలో ఇద్దరూ కరెక్టే.

కాబట్టి మీ ప్రశ్న ఇలా ఉండాలి: “రోబోట్రాన్‌లో రోబోలన్నీ ఒక్కసారిగా మన మీదకి వచ్చే నియమం ఎక్కడి నుంచి వచ్చింది?” ఇలా రాస్తే ఎక్కడ వెతకాలో సగం తెలిసిపోతుంది.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

ఖర్చు దాదాపు లేదు. మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ చాలు. ఓపిక మాత్రం కావాలి, ఎందుకంటే ఎక్కువ టైమ్ పాత మ్యాగజైన్ స్కాన్‌లు చదవడంలోనే పోతుంది.

- వైస్ ఎమ్యులేటర్ (పాత యంత్రంలా నటించే ప్రోగ్రామ్): కమడోర్ 8-బిట్ యంత్రాలకి. ఇందులో ‘ఎక్స్‌పెట్’ అనేది పెట్ కోసం.
- ఆపిల్ 2 గేమ్‌లకి ఆపిల్‌విన్, డాస్ (విండోస్‌కి ముందు పీసీల్లో వాడిన వ్యవస్థ) గేమ్‌లకి డాస్‌బాక్స్.
- ఇంటర్నెట్ ఆర్కైవ్: పాత మ్యాగజైన్ల స్కాన్‌లు ఇక్కడే దొరుకుతాయి. చాలా గేమ్‌లు ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే నడుస్తాయి కూడా.
- వేబ్యాక్ మెషీన్: మూతపడిన సైట్లలోని పాత ఇంటర్వ్యూల కోసం.
- మోబీగేమ్స్: ఏ గేమ్ ఏ యంత్రం మీద ఏ ఏడాది వచ్చిందో మొదటి అంచనాకి. అంచనాకి మాత్రమే.
- ఒక స్ప్రెడ్‌షీట్.

స్ప్రెడ్‌షీట్‌లో ఐదు గళ్లు పెట్టండి: ఏం చెప్పారు, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, నేను ఎక్కడ చూశాను (పేజీ నంబర్‌తో సహా), నేను సొంతంగా సరిచూశానా. చివరి గడి ఖాళీగా ఉన్నంతకాలం ఆ వరసని మీ రాతలో వాడకూడదు. ఈ ఒక్క నియమం పాటించినా ఇంటర్నెట్‌లో తిరిగే అబద్ధాల్లో సగం మీ దగ్గర ఆగిపోతాయి.

కాపీరైట్ మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. పాతదైనంత మాత్రాన ఉచితం అయిపోదు. రోబోట్రాన్‌ని అధికారిక కలెక్షన్లలో కొనుక్కుని ఆడొచ్చు. వుల్ఫెన్‌స్టైన్ 3డీ మొదటి ఎపిసోడ్ షేర్‌వేర్, దాన్ని పంచుకోవడానికి అప్పుడే అనుమతి ఇచ్చారు.

3. తర్వాత వచ్చిన గేమ్‌నే ముందు ఆడండి

పాత గేమ్ వెంట పడే ముందు కొత్తదాన్ని చేత్తో పట్టుకుని తెలుసుకోవాలి. ఆడుతున్నప్పుడు బొమ్మల్ని పట్టించుకోకండి, నియమాలు రాయండి. రోబోట్రాన్ గురించి నా జాబితా ఇలా ఉంటుంది:

- స్క్రీన్ మొత్తం ఒకే గది, లోపల గోడలు లేవు.
- రెండు జాయ్‌స్టిక్‌లు: ఒకటి కదలడానికి, ఒకటి కాల్చడానికి.
- గ్రంట్ అనే రోబోలు కాల్చవు. నేరుగా మీ వైపు నడిచొస్తాయి, తాకితే చావే.
- గదిలో అక్కడక్కడా కదలని ఎలక్ట్రోడ్లు ఉంటాయి. మీరు తాకితే మీరు పోతారు, గ్రంట్ తాకితే గ్రంట్ పోతుంది.
- హల్క్‌ని ఎంత కాల్చినా చావదు, వెనక్కి నెట్టగలం అంతే.
- మనుషుల్ని తాకి కాపాడితే పాయింట్లు.

నాలుగో పాయింట్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. చేతిలో తుపాకీ ఉన్న ఆటలో శత్రువు తనంతట తాను వెళ్లి అడ్డంకికి గుద్దుకుని చావడం దేనికి? షూటర్‌కి ఆ నియమం అక్కర్లేదు. ఆటకి అవసరం లేకుండా మిగిలిపోయిన నియమం కనిపించిందంటే అది ఎక్కడి నుంచో వచ్చి ఉంటుందని అనుమానించాలి. మీ జాబితాలో అలాంటివాటి పక్కన నక్షత్రం గుర్తు పెట్టుకోండి.

4. తయారుచేసినవాళ్ల మాటలు వెతకండి

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఇద్దరి పోలికలు చూసి చుట్టరికం కలిపేయడం తేలిక, కానీ చేసినవాళ్లో, వాళ్ల పక్కన కూర్చుని పనిచేసినవాళ్లో చెప్పిన మాట లేకుండా “స్ఫూర్తి” అనే పదం వాడకూడదు.

సాక్ష్యాల్ని ఈ వరసలో తూచండి:

- డిజైనర్ స్వయంగా, వివరంతో చెప్పింది (“ఫలానా యంత్రం మీద ఫలానా గేమ్‌లో ఈ సంగతి నచ్చింది”)
- డిజైనర్ స్వయంగా, వివరం లేకుండా చెప్పింది (“అప్పట్లో అలాంటివి చాలా ఆడేవాళ్లం”)
- సహోద్యోగి చెప్పింది
- గేమ్ వచ్చిన కొత్తలో మ్యాగజైన్ రివ్యూ రాసినవాళ్లు గమనించింది
- తర్వాత ఎప్పుడో రాసిన “టాప్ టెన్” జాబితాలు

చివరి రకానికి విలువ సున్నా, కాకపోతే దారి చూపించడానికి పనికొస్తాయి.

రోబోట్రాన్ విషయంలో జార్విస్ బెర్జర్క్‌నీ, కమడోర్ పెట్ మీది ఛేజ్‌నీ రెండిటినీ పేరు పెట్టి చెప్పాడు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. రోబోట్రాన్ మొదటి రూపంలో కాల్చడమే లేదు! వెంటపడే రోబోల్ని తెలివిగా నడిపించి, కదలని అడ్డంకులకి గుద్దుకునేలా చేయడమే ఆట. అలా ఆడి చూస్తే కాసేపటికే విసుగొచ్చింది, అప్పుడు తుపాకీ చేర్చారు. మనం నక్షత్రం పెట్టుకున్న ఆ ఎలక్ట్రోడ్ నియమం అందుకే మిగిలింది.

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి: పాత గేమ్ ఆనవాళ్లు పూర్తయిన గేమ్‌లో కంటే దాని మొదటి, సగం ఉడికిన వెర్షన్‌లో ఎక్కువ కనిపిస్తాయి. వుల్ఫెన్‌స్టైన్ 3డీలోనూ అంతే. మొదట్లో చచ్చిన గార్డుల జేబులు వెతకడం, శవాల్ని ఈడ్చుకెళ్లి దాచడం, యూనిఫామ్ మార్చుకోవడం లాంటివి పెట్టాలనుకున్నారు. ఆట వేగం తగ్గిపోతోందని తీసేశారు. జేబులు వెతకడం, యూనిఫామ్ వేసుకోవడం 1981 గేమ్‌లోవి. శవం ఈడ్వడం మాత్రం 1984లో వచ్చిన రెండో భాగం ‘బియాండ్ క్యాజిల్ వుల్ఫెన్‌స్టైన్’లోది. విడుదలైన షూటర్ మాత్రమే చూసి పోలిస్తే ఈ రెండో భాగం సంగతి ఎప్పటికీ తట్టదు.

అందుకని ఇంటర్వ్యూలు చదివేటప్పుడు ఈ ప్రశ్నలతో చదవండి:

- మొదట ఏం చేయాలనుకున్నారు?
- ఏది తీసేశారు, ఎందుకు తీసేశారు?
- పనిచేస్తున్నప్పుడు ఆఫీసులో ఏ ఆటలు ఆడేవాళ్లు?
- ఏ ఆటలో ఏది నచ్చలేదు?

చివరి ప్రశ్నని చాలామంది వదిలేస్తారు. చిరాకు కూడా స్ఫూర్తే. బెర్జర్క్‌లో ఫైర్ బటన్ నొక్కి పట్టుకుంటే మన బొమ్మ ఆగిపోతుంది, అప్పుడు జాయ్‌స్టిక్ తిప్పిన వైపు కాలుస్తుంది. ఒకేసారి ఒకవైపు పరిగెడుతూ ఇంకోవైపు కాల్చాలని జార్విస్‌కి ఉండేది. ఆ తర్వాత కారు ప్రమాదంలో కుడిచేయి విరిగింది, చేతికి కట్టుతోనే పనికొచ్చాడు, బటన్ నొక్కడం కుదరదు. రెండు జాయ్‌స్టిక్‌ల ఆలోచన ఈ రెండిటి నుంచీ వచ్చింది. అంటే బెర్జర్క్ నుంచి రోబోట్రాన్‌కి వెళ్లినవాటిలో ఒకటి దాని లోపమే.

5. పేరు చిక్కు విప్పండి

ఇప్పుడు పేరు దొరికింది: ఛేజ్. ఇక్కడే కొత్తవాళ్లు మునిగిపోతారు, ఎందుకంటే అది రోజువారీ ఇంగ్లిష్ మాట, సెర్చ్‌లో కొడితే కార్ల ఆటల నుంచి బ్యాంకుల దాకా అన్నీ వస్తాయి.

1970ల్లో బేసిక్ అనే తేలికపాటి కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాములు మ్యాగజైన్లలో అచ్చయ్యేవి. జనం వాటిని టైప్ చేసుకుని, తమ యంత్రానికి సరిపడా మార్చుకుని, పేరు కూడా మార్చేసి పంచుకునేవాళ్లు. ఈ ఆట కూడా అలాగే తిరిగింది. డేవిడ్ ఆల్ సంపాదకత్వంలో 1979లో వచ్చిన బేసిక్ ఆటల రెండో సంకలనంలో ఛేజ్ లిస్టింగ్ (ప్రోగ్రామ్ పంక్తుల పూర్తి పాఠం) ఉంది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో తయారైన ఆపరేటింగ్ సిస్టమ్ బర్క్‌లీ యూనిక్స్‌తో వచ్చిన ‘రోబోట్స్’ ఇదే కుటుంబం. మ్యాకింటాష్ మీది ‘డాలెక్స్’, ఇప్పటి లినక్స్‌లో దొరికే గ్నోమ్ రోబోట్స్ కూడా అంతే.

వెతికే తీరు ఇలా మార్చుకోండి:

- పేరు ఒక్కటే కొట్టకండి. యంత్రం పేరు, నియమంలోని మాటలు కలపండి: కమడోర్ పెట్, రోబోలు, హై వోల్టేజ్, కంచె.
- ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో శీర్షికల్లో కాకుండా పుస్తకం లోపలి పాఠంలో వెతికే ఆప్షన్ ఎంచుకోండి.
- స్కాన్‌ని అక్షరాలుగా మార్చేటప్పుడు తప్పులు పడతాయి. సున్నా బదులు ఓ, ఒకటి బదులు ఎల్ పెట్టి కూడా వెతకండి.
- వ్యాసాలే కాదు, ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు, “గత సంచికలో దొర్లిన తప్పులు” పేజీలు కూడా చూడండి. టైప్ చేసుకునే ప్రోగ్రాముల్లో అచ్చుతప్పులు మామూలే, సవరణలు తర్వాతి సంచికల్లో వచ్చేవి. ఆ సవరణ చూడకుండా ఆడితే మీరు ఆడింది వేరే ఆట.

ఇంకో ఉచ్చు. జార్విస్ చదివింది బర్క్‌లీలో, రోబోట్స్ వచ్చింది బర్క్‌లీ యూనిక్స్‌తో. రెండూ కలిపి “ఇంకేముంది, అక్కడే చూసుంటాడు” అనుకోవడం చాలా తేలిక. కానీ అతను 1970ల మధ్యలోనే చదువు ముగించి బయటికొచ్చేశాడు, పైగా తన నోటితో చెప్పింది పెట్ గేమ్ గురించి. కథ అందంగా అతుక్కుంటోందంటే రెండోసారి చూడాలి.

6. పాత గేమ్‌ని నడిపించి చూడండి

వీడియో చూస్తే చాలదు. వీడియోలో ఆడేవాడు ఏం నొక్కాడో, యంత్రం ఎంత ఆలస్యంగా స్పందించిందో తెలియదు.

పెట్ గేమ్‌ల వరస:

- ఎక్స్‌పెట్ తెరిచి, ఫైల్‌ని అందులోకి లాగండి. చాలావరకు దానంతట అదే మొదలవుతుంది.
- బొమ్మ చిందరవందరగా వస్తే మోడల్ మార్చండి. తొలి పెట్‌లలో స్క్రీన్ 40 నిలువు వరసలు, 25 అడ్డ వరసలు. తర్వాతి 8032లో 80 నిలువు వరసలు. 40కి రాసింది 80లో పెడితే చీలిపోతుంది.
- మోడల్ సరైనదే అయినా ఆగిపోతుంటే బేసిక్ వెర్షన్ తేడా అయి ఉండొచ్చు. మొదటి 2001 మోడల్‌లో మెమరీ చిరునామాలు కొన్ని వేరు, నేరుగా మెమరీలోకి రాసే ప్రోగ్రాములు తర్వాతి మోడళ్లలో తడబడతాయి.
- దిశల కోసం అంకెల ప్యాడ్ వాడే ఆటలు ఎక్కువ. ల్యాప్‌టాప్‌లో ఆ ప్యాడ్ లేకపోతే కీబోర్డ్ సెట్టింగ్స్‌లో కీ మ్యాపింగ్ మార్చుకోండి, లేదా చిన్న యూఎస్‌బీ ప్యాడ్ ఒకటి తగిలించండి.
- వార్ప్ మోడ్ (ఎమ్యులేటర్‌ని అసలు యంత్రం కంటే వేగంగా పరిగెత్తించేది) ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే వేగం గురించి మీరు రాసేదంతా తప్పవుతుంది.

తర్వాత లిస్టింగ్ చదవండి. ఎస్కేప్ కీ నొక్కితే వైస్‌లో అది పెట్ రన్-స్టాప్ కీలా పనిచేస్తుంది, ప్రోగ్రామ్ ఆగుతుంది. అప్పుడు లిస్ట్ అని కొడితే బేసిక్ పంక్తులు కనిపిస్తాయి. మరీ వేగంగా పరిగెడితే పంక్తి నంబర్లిచ్చి కొంచెం కొంచెంగా చూడండి. ఇంకా హాయిగా కావాలంటే వైస్‌తో పాటే వచ్చే పెట్‌క్యాట్ అనే టూల్ మొత్తం ప్రోగ్రామ్‌ని మామూలు టెక్స్ట్ ఫైల్‌గా మార్చి ఇస్తుంది. ఒకే ఒక్క పంక్తి, అందులో సిస్ అనే ఆదేశం మాత్రమే కనిపిస్తే మిగతాదంతా మెషీన్ కోడ్, అంటే ప్రాసెసర్‌కి నేరుగా ఇచ్చే అంకెల ఆదేశాలు అని అర్థం. దాన్ని చదవడం వేరే విద్య, దాని జోలికి ఇప్పుడు వెళ్లొద్దు.

లిస్టింగ్‌లో వెతకాల్సింది ఒక్కటే: శత్రువుని కదిలించే పంక్తులు. 1979 సంకలనంలోని ఛేజ్‌లో మీరు నక్షత్రం గుర్తు, మిమ్మల్ని వేటాడే ఐదు యంత్రాలు ప్లస్ గుర్తులు, ఎక్స్ ఉన్న చోటల్లా హై వోల్టేజ్. మీరు ఒక అడుగు వేస్తే అవి ఒక అడుగు మీ వైపు వేస్తాయి. బతకాలంటే ప్రతి యంత్రాన్నీ ఏదో ఒక ఎక్స్‌లోకి నడిపించాలి. అంతే ఆట. మీ ప్రతిలో ఇదే తర్కం ఉందా లేదా సరిచూసుకోండి.

7. పోల్చండి, కానీ వేరు చేసే గుర్తుతో

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన సంగతి బయటపడుతుంది. బెర్జర్క్‌లో కూడా గోడలకి కరెంట్ ఉంటుంది, రోబోలు గోడలకి గుద్దుకునీ, ఒకదానికొకటి గుద్దుకునీ పోతాయి. మరి రోబోట్రాన్‌లోని ఎలక్ట్రోడ్ నియమం ఛేజ్‌దా, బెర్జర్క్‌దా? ఇద్దరు అనుమానితుల దగ్గరా ఉన్న వస్తువుతో ఎవరినీ పట్టుకోలేం. అది ఉందని సంబరపడి “దొరికింది” అని రాసేవాళ్లే ఎక్కువ.

ఒకరి దగ్గరే ఉండే గుర్తు కావాలి. మూడు గేమ్‌లూ ఆడి ఇలా విడదీయండి:

- గది: బెర్జర్క్‌లో లోపల గోడల చిక్కుదారులు, ఒక గది నుంచి ఇంకో గదిలోకి పారిపోవచ్చు. ఛేజ్‌లో, రోబోట్రాన్‌లో తెరిచిన మైదానం, పారిపోయే తలుపు లేదు.
- శత్రువు: బెర్జర్క్ రోబోలు కాలుస్తాయి. ఛేజ్ యంత్రాలు, రోబోట్రాన్ గ్రంట్లు కాల్చవు, తాకి చంపుతాయి.
- గెలుపు: బెర్జర్క్‌లో అందర్నీ చంపకుండా కూడా బయటపడొచ్చు. మిగతా రెండిటిలో ఆ దారి లేదు (రోబోట్రాన్‌లో చావని హల్క్‌ల్ని మాత్రం లెక్కలోకి తీసుకోరు).
- కాల్పులు: బెర్జర్క్‌లో ఉన్నాయి, ఛేజ్‌లో లేవు.
- వేగం: ఛేజ్‌లో మీరు కదిలేదాకా ప్రపంచం ఆగి ఉంటుంది. మిగతా రెండూ ఆగవు.

మొదటి మూడూ ఛేజ్ వైపు, చివరి రెండూ బెర్జర్క్ వైపు చూపిస్తున్నాయి. అప్పుడు “తెరిచిన గదిలో గుంపుగా మీదికొచ్చే నియమం ఛేజ్ నుంచి, కాల్పులూ నాన్‌స్టాప్ వేగమూ బెర్జర్క్ నుంచి” అని రాయొచ్చు. జార్విస్ చెప్పిన మాట, తీసేసిన మొదటి వెర్షన్, ఆడి చూసిన పోలిక మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి కాబట్టి ఇలా రాసే ధైర్యం చేయొచ్చు. ఒక్క పోలిక మాత్రమే ఉంటే నేను రాయను.

సోర్స్ కోడ్ బయట ఉంటే ఇంకా మంచిది. వుల్ఫెన్‌స్టైన్ 3డీ కోడ్‌ని 1995లో విడుదల చేశారు, క్యాటకూంబ్ 3డీ, హోవర్‌ట్యాంక్ 3డీల కోడ్ 2014లో బయటికొచ్చింది. క్యాటకూంబ్ 3డీ ఫైళ్ల పేర్లు, వుల్ఫెన్‌స్టైన్ ఫైళ్ల పేర్లు పక్కపక్కన పెట్టండి. ఐడీ_సీఏ, ఐడీ_ఐఎన్, ఐడీ_ఎంఎం, ఐడీ_యూఎస్ అని అవే పేర్లు రెండు చోట్లా కనిపిస్తాయి. ఇంజన్ చుట్టరికానికి దీన్ని మించిన సాక్ష్యం అక్కర్లేదు. ఆర్కేడ్ గేమ్‌లలో ఈ అదృష్టం తక్కువ.

8. తేదీలు, అందుబాటు సరిచూడండి

చేసినవాడి చేతికి ఆ గేమ్ అందే అవకాశం ఉందా? చూసే అవకాశమే లేని గేమ్ మూలం కాలేదు. రెండు ప్రశ్నలు చాలు.

మొదటిది: ఆ యంత్రం అతని దగ్గర ఉండేదా? వుల్ఫెన్‌స్టైన్ 3డీ చేసిన ఐడీ సాఫ్ట్‌వేర్‌లోని జాన్ రొమేరో, జాన్ కార్మాక్ ఇద్దరూ ఆపిల్ 2 మీద ప్రోగ్రామింగ్ చేసినవాళ్లే. క్యాజిల్ వుల్ఫెన్‌స్టైన్ మొదట వచ్చింది ఆ యంత్రానికే. కుదిరింది.

రెండోది: అది ఏ వెర్షన్ తేదీ? క్యాజిల్ వుల్ఫెన్‌స్టైన్ ఆపిల్ 2లో 1981, అటారీలో 1982, కమడోర్ 64లో 1983, డాస్‌లో 1984. డాస్ ప్రతి దించుకుని తొలి స్క్రీన్ చూసి “1984 గేమ్” అని రాసేస్తే మూడేళ్లు తేడా వస్తుంది. ఆ తేడాలో తల్లి గేమ్ కాస్తా పిల్ల గేమ్ అయిపోతుంది.

9. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి విరుగుడు

- “ముందు వచ్చింది కాబట్టి మూలం.” మేజ్ వార్ 1973లోనే ఇమ్‌లాక్ యంత్రాల మీద మన కళ్లతో చూస్తున్నట్టు చిక్కుదారిలో తిప్పి కాల్పించింది. అంతమాత్రాన తర్వాత వచ్చిన ప్రతి షూటర్ దాన్ని చూసి చేసింది కాదు. విరుగుడు: “మొదటిది”, “మూలం” అని స్ప్రెడ్‌షీట్‌లో రెండు వేరు వరసలు పెట్టండి.

- గుండ్రంగా తిరిగే సాక్ష్యం. పది వ్యాసాలు ఒకే మాట చెబుతాయి, తీరా చూస్తే తొమ్మిది పదోదాన్ని చూసి రాసినవే. విరుగుడు: ప్రతి వ్యాసం ఎక్కడి నుంచి తెచ్చిందో వెనక్కి నడవండి. మొదటి మాట దొరికేదాకా పదీ కలిపి ఒక్క సాక్ష్యమే.

- మార్చిన ప్రతి ఆడటం. ఆర్కైవుల్లో ఉన్నవన్నీ అసలు ప్రతులు కావు. 1983లో ఎవరో క్యాజిల్ వుల్ఫెన్‌స్టైన్‌లో గార్డుల్ని తీసేసి స్మర్ఫ్ (నీలం రంగు కార్టూన్ మరుగుజ్జులు) బొమ్మలు పెట్టి ‘క్యాజిల్ స్మర్ఫెన్‌స్టైన్’ అని వదిలారు. అది చూడగానే తెలిసిపోతుంది కాబట్టి ఫర్వాలేదు. ప్రాణాలు పెంచినవి, కాపీ చేయకుండా పెట్టిన తాళాలు తీసినవి అంత తేలిగ్గా తెలియవు. విరుగుడు: కనీసం రెండు చోట్ల నుంచి ప్రతులు తెచ్చి పోల్చండి, అసలు మాన్యువల్ స్కాన్ దగ్గర పెట్టుకోండి.

- మూలం ఒక్కటే ఉండాలనుకోవడం. క్యాజిల్ వుల్ఫెన్‌స్టైన్‌కి కూడా వెనక బెర్జర్క్ ఉంది, దానితో పాటు ఒక యుద్ధం సినిమా ఉంది. విరుగుడు: ఒక మూలం దొరకగానే ఆపకండి, “ఇది ఏ నియమానికి జవాబు, ఏ నియమానికి కాదు” అని అడగండి.

- పాత ఇంటర్వ్యూకీ కొత్త ఇంటర్వ్యూకీ తేడా వస్తే కొత్తదే నమ్మడం. ఏళ్లు గడిచేకొద్దీ కథ నున్నబడుతుంది. విరుగుడు: ఘటనకి దగ్గరగా చెప్పినదానికి ఎక్కువ బరువు ఇవ్వండి, తేడా ఉన్న సంగతి కూడా రాయండి.

10. రాసేముందు చివరి చెక్‌లిస్ట్

☐ ప్రశ్నలో “ఏ నియమం” అని స్పష్టంగా ఉంది
☐ తర్వాతి గేమ్‌నీ, పాత గేమ్‌నీ నేనే ఆడాను
☐ చేసినవాళ్ల మాట దొరికింది, మొదట ఎక్కడ చెప్పారో చూశాను
☐ తీసేసిన వెర్షన్ గురించి వెతికాను
☐ వేరు చేసే గుర్తు కనీసం ఒకటి ఉంది
☐ యంత్రం, తేదీ, అందుబాటు కుదిరాయి
☐ ఏ ప్రతి, ఏ మోడల్, ఏ ఎమ్యులేటర్ అన్నది రాసుకున్నాను

మాటల బరువు కూడా చూసుకోండి. చేసినవాళ్లే చెబితే “ఇది చూసి చేశామని చెప్పారు” అని రాయండి. అందుబాటు, పోలిక రెండే ఉంటే “చూసి ఉండొచ్చు” దగ్గర ఆపండి. పోలిక ఒక్కటే ఉంటే “పోలిక ఉంది”, అంతకు మించి ఒక్క మాట కూడా వద్దు.

మొదటిసారి ప్రయత్నించేవాళ్లు రోబోట్రాన్‌తో కాకుండా వుల్ఫెన్‌స్టైన్‌తో మొదలుపెట్టండి. సాక్ష్యాలన్నీ చేతికి అందేలా ఉన్నాయి. కోడ్ బయట ఉంది, షేర్‌వేర్ ఎపిసోడ్ ఉచితం, 1981 గేమ్ బ్రౌజర్‌లో నడుస్తుంది. ముందు షేర్‌వేర్ ఎపిసోడ్ ఆడి నియమాల జాబితా రాయండి, తర్వాత ఆపిల్ 2 గేమ్‌లోకి వెళ్లి గార్డుకి తుపాకీ చూపించి నిలబెట్టి జేబులు వెతకండి, పెట్టెలు తెరవండి, యూనిఫామ్ దొరికితే వేసుకుని గార్డుల ముందు నుంచి నడవండి. మీ మొదటి జాబితాలో లేనివి అక్కడ ఎన్ని కనిపిస్తాయో వాటిని విడిగా రాసుకోండి. ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్లు పెట్టాలనుకుని తీసేసినవాటి గురించి వెతకడం మొదలుపెట్టాల్సింది ఆ రెండో జాబితాతో.